రెండో గీత

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా మాట్లాడిన మనిషి మా వదిన. అందరికంటే తక్కువగా మాట్లాడింది, ఎవరి కడుపును గురించి ఆ మాటలన్నీ సాగాయో ఆ పిల్ల. ఇలా జరగడం మా ఇంటికే ప్రత్యేకం కాదని తెలుసు. నేను దగ్గరుండి చూసింది మా ఇంటినే గనుక దాన్ని గురించే చెబుతాను.

ఆ పిల్ల వదిన కోడలు. నన్ను పిన్నీ అంటుంది. కుర్చీలూ బీరువాలూ బాగుచేసి పాలిష్ పెట్టడం ఆ ఇంటి వృత్తి. అన్నయ్య పోయాక దుకాణం వదిన చేతికీ, పని ఆమె కొడుకు చేతికీ వచ్చాయి. కుర్చీల దిండ్లు కోడలు కుట్టేది. కాలేజీలో ఆడపిల్లలకు జీవశాస్త్రం చెప్పి చెప్పి ఉద్యోగ విరమణ చేసిన నేను పై అంతస్తులో ఒక గదిలో ఉండేదాన్ని. వదిన నన్ను పంతులమ్మా అని పిలిచేది. ఆ పిలుపులో గౌరవం ఎంత, వెటకారం ఎంత అన్నది ఆ రోజు ఆమెకు నాతో ఉన్న పనిని బట్టి మారేది.

వానలు మొదలయ్యేనాటికి ఆ పిల్లకు మూడో నెల. వాంతులకు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. కడుపు నెలలకు మించి పెరిగితే వదిన కవలలని తేల్చింది. స్కానింగులో కవలలు కాదు, ఒక్క బిడ్డ కూడా కనబడలేదు. గర్భసంచి నిండా గుత్తులు గుత్తులుగా నీటిబుడగలు కనబడ్డాయి. దాన్ని ముత్యాల గర్భం అంటారు. ఇంత వికారమైన సంగతికి ఇంత ముచ్చటైన పేరు పెట్టినవారెవరో గాని, వారు దాన్ని మోసి ఉండరు.

తీసేసిన మర్నాడు డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది బిడ్డ పోవడం కాదు. అసలు బిడ్డ తయారవలేదు. లోపల ఏమీ లేని అండంలోకి తండ్రి కణం వెళ్ళి, తనే రెండింతలవుతుంది. ఇందులో ఉన్నదంతా తండ్రి వైపుదే. అందుకని మాయ ఒక్కటే అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. కొంతమందిలో తీసేసిన తర్వాత కూడా మిగిలిపోయిన కణాలు కణితి కడతాయి. అలా కడుతున్నాయో లేదో చెప్పేది రక్తంలో ఉండే ఒక హార్మోను. వారం వారం చూడాలి. చిక్కేమిటంటే, మామూలు గర్భం వచ్చినా పెరిగేది అదే హార్మోను. కాబట్టి నేను చెప్పేదాకా గర్భం రాకూడదు. ఈ మాత్రలు వేసుకోవాలి."

వివరణ చక్కగా ఉంది. నా విద్యార్థినులకు నేను అంతకంటే బాగా చెప్పి ఉండేదాన్ని కాదు. కాకపోతే తరగతిలో ఎవరు ఏ ముక్క పట్టుకుని ఇంటికి వెళుతున్నారో చూడడం కూడా బోధనలో భాగమే. ఆ గదిలో ఆ పని ఎవరూ చేయలేదు. వదిన పట్టుకున్న ముక్క, 'తీసేశాం' అన్నది. ఆమె కొడుకు పట్టుకున్న ముక్క ఏదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంటికి వచ్చాక వదిన తన చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూ, "బూజు పట్టిన కడుపే, మన ఖర్మ" అన్నది. పక్క గదిలో ఆ పిల్ల దిండు కుడుతోంది. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

మొదట్లో రక్తపరీక్షలు సక్రమంగానే జరిగాయి. అంకె దిగుతూ వచ్చింది. తర్వాత కంటి ఆపరేషను కోసం నేను వేరే ఊళ్ళో స్నేహితురాలి దగ్గర ఉండవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ముందుగదిలో, కొనుగోలుదారులకు తప్ప ఇంట్లోవాళ్ళకు కూర్చునే హక్కు లేని పెద్ద కుర్చీలో ఆ పిల్ల కూర్చుని ఉంది. పక్కన పళ్ళ పళ్ళెం. వదిన చేతిలో మందుల షాపులో అమ్మే గర్భపరీక్ష కార్డు.

"కళ్ళు బాగయ్యాయిగా పంతులమ్మా, ఇదిగో చూడు. ఎన్ని గీతలున్నాయి?"

"రెండు."

"మరి నోరు తియ్యగా చేసుకో. నెల తప్పింది, వాంతులు మొదలయ్యాయి, ఇక దీనికి సాక్ష్యాలెందుకు?"

"రక్తపరీక్ష ఏమంది?"

"తగ్గుతోంది కదా అని మానేశాం. వారం వారం రక్తం లాగేస్తుంటే పిల్లకి ఒంట్లో ఏం మిగులుతుంది?"

"వదినా, ఈ కార్డు ఒంట్లో ఆ హార్మోను ఉందని చెబుతుంది. బిడ్డ ఉందని చెప్పదు."

"నీకు అన్నీ పుస్తకంలో కనబడాలి. నాకు కడుపులో కనబడితే చాలు." గొంతు తగ్గించి గర్వంగా అన్నది, "ఆ మాత్రలు నేనే తీసి పారేశాను. గర్భసంచి ఎండిపోతుందని. చూడు, ఎంత తొందరగా ఫలితం వచ్చిందో. తిను తల్లీ, ఆ ముక్క వదిలేశావేం?"

తల్లీ అన్న పిలుపు ఆ ఇంట్లో ఆ పిల్ల విషయంలో నేను మొదటిసారి విన్నాను. ఆమె తల వంచుకుని ఆ ముక్క తిన్నది.

బలవంతాన ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఎందుకు రావడం మానేశారని అడిగితే వదిన వానల మీద నెట్టింది. రక్తంలో అంకె మళ్ళీ పెరిగింది. స్కానింగులో గర్భసంచి ఖాళీగా ఉంది. ఇంత తొలిరోజుల్లో ఖాళీగా కనబడడం దేనికీ రుజువు కాదు.

డాక్టరమ్మ ఆ పిల్ల వైపు చూసి అడిగింది. "గర్భం వచ్చే అవకాశం ఉందా?"

"ఎందుకుండదండీ? పెళ్ళయినవాళ్ళు, ఒకే ఇంట్లో ఉన్నారు. మాత్రలు కూడా వేసుకోలేదు" అన్నది వదిన. "ఏం తల్లీ?"

ఆ పిల్ల భర్త వైపు చూసింది. అతను కిటికీలోంచి వానను చూస్తున్నాడు.

"అత్తయ్య చెప్పినట్టే" అన్నది ఆమె.

"అలాగైతే నా చేతులు కట్టేసినట్టే" అన్నది డాక్టరమ్మ. "కణితి అయితే వెంటనే కీమో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులకి పాకుతుంది. బిడ్డ అయితే ఆ ఇంజెక్షను బిడ్డని చంపుతుంది. ఛాతీ ఎక్స్‌రే తీసి చూస్తాను."

"ఎక్స్‌రే వద్దు" అన్నది వదిన. "లోపల పసిగుడ్డు."

కొన్నాళ్ళు ఆగి మళ్ళీ రక్తం, మళ్ళీ స్కానింగు చూద్దామని డాక్టరమ్మ మమ్మల్ని పంపేసింది. ఆ ప్రశ్న అడిగిన తీరు మీద నాకు ఇప్పటికీ మంటే. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, భర్తను ఎదురుగా నిలబెట్టుకుని, ఒక ఆడపిల్లను ఆ మాట అడగడం అడగడం కాదు. జవాబు రాకుండా చూసుకోవడం.

ఆ కొద్ది రోజులూ ఇంట్లో పండువెన్నెల. వదిన స్వయంగా పాలు కాచి ఇచ్చేది, మిషను ముట్టుకోనిచ్చేది కాదు. పుట్టబోయేవాడికి ఏ చెక్కతో ఉయ్యాల చేయించాలో నిర్ణయించింది. ఒక సాయంత్రం ఆ పిల్ల మేడమెట్లు ఎక్కి నా గదికి పుస్తకం కోసం వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి దగ్గింది. పొడిదగ్గు.

"ఎప్పటినుంచి?"

"పాలిష్ వాసన పడట్లేదు పిన్నీ."

పాలిష్ పెట్టే వర్క్‌షాపు మా ఇంట్లో లేదు. రెండు వీధుల అవతల ఉంది.

మర్నాడు మధ్యాహ్నం గొడుగు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. వానాకాలంలో ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. గాలిలో తేమ పెరిగితే లక్క పాలిష్ ఆరేలోపలే తెల్లగా మంచు కమ్మినట్టవుతుంది. చుట్టూ పెద్ద బల్బులు పెట్టి ఆరబెట్టాలి. స్పిరిట్ డబ్బాలున్నచోట బల్బులంటే మనిషి కాపలా ఉండాలి. అందుకని మేనల్లుడు రాత్రి భోజనం చేసి అక్కడికి వెళ్ళేవాడు. పని చూసుకుని వచ్చేస్తాడని అనుకునేవాళ్ళం. పొద్దున కాఫీ వేళకు ఇంట్లోనే కనబడేవాడు మరి.

వర్క్‌షాపులో అతను ఒక బీరువా తలుపును దూదిగుడ్డతో రుద్దుతున్నాడు. వెనక గోడకు తాడు కట్టి అతని చొక్కాలు ఆరేసి ఉన్నాయి. కిటికీ గూట్లో గడ్డం గీసుకునే సామాను, దువ్వెన. మూల ఒక పరుపు. అది ఎప్పుడో ఒకసారి నడుము వాల్చే పరుపు కాదు. మధ్యలో మనిషి ఒళ్ళంత గుంట పడి ఉంది.

"ఇక్కడే పడుకుంటున్నావా?"

"పాలిష్ ఆరట్లేదత్తా."

"ఎప్పటినుంచి ఆరట్లేదు?"

అతను రుద్దడం ఆపలేదు. "దానికి వాంతులైనప్పుడు ఈ వాసన పడేది కాదు. అప్పటినుంచి."

"ఆసుపత్రి నుంచి వచ్చాక?"

"ఆ తర్వాత కూడా."

"ఒక్క రోజు కూడా..."

"లేదు."

వాన రేకుల మీద పడుతోంది. నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. పాలిష్ చేసినదో కాదో కూడా చూసుకోలేదు.

"అయితే ఆ రెండో గీత ఎక్కడిదిరా?"

అతను గుడ్డ కింద పెట్టాడు. "అమ్మ ఆ కార్డు పట్టుకుని ఒకటే సంబరపడిపోయింది. నేను అప్పుడే చెప్పాల్సింది. ఏమని చెప్పను? పెళ్ళాం దగ్గర పడుకోవట్లేదని అమ్మకి చెప్పనా? ఎందుకురా అంటే?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఎందుకు?"

"ఇందులో ఉన్నదంతా తండ్రి వైపుదేనని డాక్టరమ్మ చెప్పలేదూ? మీరంతా విన్నారుగా. దాని కడుపులో ఆ బుడగలన్నీ నావే. అది చచ్చి బతికింది. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని దగ్గరికి వెళ్ళను?"

అతను ఆ గదిలోంచి పట్టుకుని వచ్చిన ముక్క అది. ఒక విషంలా మోసుకుని తిరుగుతున్నాడు.

"అండం ఖాళీ అవడం ఎవరూ చేసింది కాదు. ఒక్కోసారి అవుతుంది. దాని తప్పు కాదు, నీ తప్పు కాదు."

"ఖాళీ ఇంట్లో దూరింది నేనేగా అత్తా."

"నీ కణం. నువ్వు కాదు. తేడా తెలియకపోతే తర్వాత కూర్చోబెట్టి చెబుతాను. ఇప్పుడు నీ సిగ్గు కాపాడుకోవడానికి ఆ పిల్ల ఊపిరితిత్తులు ఖర్చవుతున్నాయి. అది దగ్గుతోంది. విన్నావా?"

అతను వినలేదు. వినేచోట లేడు కదా.

ఇంటికి వచ్చి ఆ పిల్ల గదికి వెళ్ళాను. వద్దన్న మిషను ముందే కూర్చుని, వదిన గుడికో బజారుకో వెళ్ళిన సమయం చూసుకుని దిండు అంచు కుడుతోంది.

"వర్క్‌షాపుకి వెళ్ళొచ్చాను."

సూది ఆగింది.

"అత్తయ్య నన్ను తల్లీ అంటున్నారు పిన్నీ."

"విన్నాను."

"ఇంకో నాలుగు రోజులు అననీండి."

"నాలుగు రోజులు ఎక్కువే."

"నాకు తెలియక కాదు." బట్ట మీద ముడత సరిచేసింది. "తెలుసు. అయినా పొద్దున్నే వాంతి వచ్చినప్పుడు, ఏమో, ఎలాగో అలా ఉందేమో అనిపిస్తుంది. పిచ్చిదాన్నిలెండి. మీరు మాత్రం అత్తయ్యకి చెప్పకండి."

"చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట."

అప్పటికే ఆ కడుపు తరఫున చాలామంది మాట్లాడారు. వారిలో నేనొకతెను కాదలచుకోలేదు. అయితే మాట్లాడడానికి ఆమెకొక గది ఇప్పించగలను.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం. రక్తంలో అంకె రెండింతలు దాటింది. స్కానింగులో గర్భసంచి ఒక మూల చిన్న నల్లని మచ్చ. డాక్టరమ్మ ఆ మచ్చను చాలాసేపు చూసింది.

"బిడ్డ ఉండే సంచి మొదలవుతోందా, కణితా అన్నది ఇప్పుడే చెప్పలేను. ఇంకో వారం ఆగితే..."

"ఆగుదాం" అన్నది వదిన వెంటనే.

"డాక్టరుగారూ, మమ్మల్ని బయటికి పంపండి" అన్నాను. "నన్ను, మా వదినని, ఈ అబ్బాయిని. ముగ్గుర్నీ. ఆ తర్వాత క్రితంసారి అడిగిన ప్రశ్న మళ్ళీ అడగండి."

డాక్టరమ్మ నా వైపు చూసింది. తెలివైన మనిషి. రెండోసారి చెప్పించుకోలేదు. మెడ కొద్దిగా ఎర్రబడింది.

బయట బెంచీ మీద వదిన నా మీద విరుచుకుపడింది. "ఏం చదువమ్మా నీది? పెద్దవాళ్ళం మనం బయట, అదొక్కతీ లోపల. దానికేం తెలుసు చెప్పడానికి?"

"దానికే తెలుసు."

"నీకు పిల్లలుంటే తెలిసేది."

ఆ మాట ఆమె ఇదివరకు చాలాసార్లు అన్నది. దానికి నా దగ్గర జవాబు లేక కాదు. తలుపు మీదినుంచి కళ్ళు తిప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. మేనల్లుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గోళ్ళ చుట్టూ పట్టిన లక్కను బొటనవేలితో గీరుకుంటున్నాడు.

తలుపు తెరిచి నర్సు బయటికి వచ్చింది. "ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళాలి. తోడెవరొస్తారు?"

వదిన లేచింది. "ఎక్స్‌రే ఏంటి? వద్దని మొన్ననే చెప్పాను. లోపల బిడ్డ..."

"బిడ్డ లేదమ్మా" అన్నాడు కొడుకు.

"నీకెలా తెలుసురా?"

"నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

వదిన అతని ముఖంలోకి చూసింది. తర్వాత అతని చేతుల్లోకి చూసింది. నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసి, బెంచీ మీద కూర్చుంది. ఆమెను ఎరిగిన ఇన్నేళ్ళలో ఒక మాట మింగడం నేను చూసింది అదే. అతను నర్సు వెనకాల నడిచాడు.

ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు కనబడ్డాయి. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపిస్తుంటే వదిన హఠాత్తుగా అన్నది.

"గర్భసంచి తీసేయండి డాక్టరుగారూ. మాకు పిల్లలు వద్దు. పిల్ల బతికితే చాలు."

ఒక్క వాక్యంలో ఆమె మనవడిని, ఉయ్యాలను, చెక్కను అన్నిటినీ వదులుకున్నది. ఆ త్యాగం నిజమైనదేనని నేను సాక్ష్యం చెప్పగలను. అయినా అది ఆమె గర్భసంచి కాదు.

"అత్తయ్యా" అన్నది ఆ పిల్ల. "నేను మాట్లాడతాను."

గొంతు హెచ్చించలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి అడిగింది. "తియ్యకుండా నయమవుతుందా?"

"అవుతుంది. ఆలస్యం చేశాం, అయినా ఇది మందుకి బాగా లొంగే జబ్బు. ఊపిరితిత్తుల్లో ఉన్నవి కూడా కరుగుతాయి."

"మందు తీసుకున్నాక నాకు పిల్లలు పుడతారా?"

"పుడతారని మాటివ్వను. నా చేతిమీదుగా ఈ మందు తీసుకుని, కావాలనుకున్నవాళ్ళలో ఎక్కువమందికి పుట్టారు. మందు అయిపోయాక ఒక ఏడాది మాత్రం ఆగాలి. ఈలోపు గర్భం వస్తే జబ్బు తిరగబెట్టిందా లేదా మాకు తెలియదు. ఇప్పుడు పడ్డ తిప్పలే మళ్ళీ పడతాం. మళ్ళీ ముత్యాల గర్భం వచ్చే ప్రమాదం మామూలువాళ్ళకంటే కాస్త ఎక్కువే గానీ, అది కూడా తక్కువమందికే."

"అయితే మొదలుపెట్టండి."

మొదటి ఇంజెక్షను ఆ రోజే ఇచ్చారు.

ఆ తర్వాతి వారాలు అంకె చుట్టూ తిరిగాయి. ఆమె నోరంతా పుళ్ళు లేచాయి. చల్లటి పాలు తప్ప మరేదీ దిగేది కాదు. మొదట అంకె దిగింది. తర్వాత ఒకచోట మొండికేసి నిలబడిపోయింది. ఈ మందు చాలదేమో, ఇంకో మందు వెయ్యాలన్నారు. దానికి జుట్టు పలచబడింది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని ఆమె ఉండ చుట్టి కిటికీలోంచి పారేసేది. వదిన పాలు చల్లార్చి ఇచ్చేది గాని తల్లీ అనడం మానేసింది. పేరు పెట్టి పిలిచేది. వినడానికి అదే శుభ్రంగా ఉండేది.

ఒక ఆదివారం పట్టపగలు మేనల్లుడు వర్క్‌షాపు పరుపును వానలో నెత్తిన పెట్టుకుని వచ్చాడు. సగం తడిసింది. వీధిలోవాళ్ళందరూ చూశారు. మెట్ల దగ్గర ఆ పిల్ల అడ్డం నిలబడింది. పుళ్ళ నోటితోనే అన్నది.

"బాగుంది వరస. ఎవరూ వద్దననప్పుడు అక్కడ, డాక్టరమ్మ వద్దన్నాక ఇక్కడా?"

"పక్కన పడుకోవద్దని చెప్పలేదుగా."

"దగ్గుతాను."

"విందామనే వచ్చాను."

ఆమె పక్కకు తప్పుకున్నది. వదిన వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. అవసరానికి మించి చప్పుడు చేసి కడుగుతోంది.

వానలు వెనకపట్టేసరికి అంకె మామూలు మనిషి అంకె అయింది. అయినా మరికొన్ని ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ తర్వాత నెలనెలా రక్తం చూపించుకోమని, ఏడాది ఆగమని చెప్పి పంపారు.

ఆ వారంలోనే వదిన చెల్లెలు చూడడానికి వచ్చింది. ఆ పిల్ల జుట్టు చూసి నాలుక చప్పరించి, అక్కనడిగింది. "ఇంతకీ మళ్ళీ ఎప్పుడే శుభవార్త?"

వదిన ఊపిరి తీసుకున్నది. నేను పత్రిక మీదినుంచి తలెత్తాను. ఆమె ఆ ఊపిరిని అలాగే వదిలేసి, "అదిగో, అక్కడే ఉందిగా. దాన్నే అడుగు" అన్నది.

"ఏమే, ఎప్పుడు?"

"ఏడాది ఆగాలన్నారు చిన్నత్తయ్యా."

"ఆగాక?"

"ఆగాక ఇంకా అనుకోవాలి."

"దీన్లో అనుకోవడానికేముందే?"

"ఈసారి నేను అనుకోవాలి" అన్నది ఆ పిల్ల. మిషను చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి, కుట్టు మొదలుపెట్టింది.

ఇదంతా విన్నవాళ్ళు నన్ను తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. చదువుకున్నవాళ్ళు కాస్త తిప్పి అడుగుతారు, లేనివాళ్ళు సూటిగా అడుగుతారు, ప్రశ్న ఒక్కటే. ఆ తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా అని. ఆమె బతికిందా అని అడిగినవాళ్ళు తక్కువ. బతికింది. అందరూ వేసే ఆ ప్రశ్నకు కూడా నాకు జవాబు తెలుసు. చెప్పను.